వీసా ఎవరి పేరున ఉన్నది?
(భిలాయిలో తెలుగు కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఈ ఉక్కు కర్మాగారం వెలసినది. ఆ తొలి దశాబ్దాలలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి పనికై వచ్చిన మన పెద్దలకు రైలు టిక్కెట్టు ఉంటే చాలినది. నేడు వారి సంతానంలో వెల్డర్లు, రిగ్గర్లు, ఫిట్టర్లు గల్ఫ్ దేశాలకు బయలుదేరుతున్నారు. వారందరూ మమ్ములను ముందుగా అడిగేది జీతం సంగతి. మేము అడిగేది వేరు: వీసా ఎవరి పేరున ఉన్నది? ఏ పనికి ఉన్నది?

కాంట్రాక్టు కార్మికులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. గేటు పాసు కాంట్రాక్టరు ద్వారా వస్తుంది. అది రద్దయితే ఎంత పనితనమున్నా గేటు దాటలేరు. గల్ఫ్‌లోని కఫాలా పద్ధతి స్థూలంగా ఇటువంటిదే. కాని ఇక్కడ పాసు పోయినవాడు సాయంత్రానికి ఇల్లు చేరుతాడు. అక్కడ ఆ దేశంలో ఉండే హక్కే పోతుంది.

సక్రమమైన ఉద్యోగ వీసాపై యజమాని పేరు, పని పేరు ఉంటాయి. పదవ తరగతి పూర్తికానివారు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగార్థం వెళ్ళాలంటే 1983 వలస చట్టం కింద అనుమతి పొందాలి. దీనిని వృథా ప్రయాసగా తలచేవారున్నారు. అది పొరపాటు. ఆ అనుమతితోపాటే 10 లక్షల రూపాయల ప్రవాసీ భారతీయ బీమా వర్తిస్తుంది.

ఆ అనుమతిని తప్పించుకొనుటకే ఏజెంటు విజిట్ వీసా చేతిలో పెడతాడు. "అక్కడికి పోయాక మార్పిస్తాను" అంటాడు. మారేవరకు చేసిన పని నేరమే. మేమెరిగిన ఒక వెల్డరు ఈ విధంగా వెళ్ళి, మూడు నెలల జీతం రాక ఫిర్యాదుకు సిద్ధపడ్డాడు. కాగితాలలో అతడు యాత్రికుడు! యాత్రికునికి జీతం బాకీ ఎక్కడిది?

ఇక ఆజాద్ వీసా. పేరులో స్వాతంత్ర్యమున్నది, వీసాలో లేదు. పేరుకు మాత్రమే యజమాని అయినవాడు వీసాను అమ్ముకుంటాడు. కార్మికుడు వేరొకచోట పని వెదుక్కోవాలి. ఆ యజమాని "పారిపోయాడు" అని ఒక్క ఫిర్యాదు చేస్తే సౌదీలో దానిని హురూబ్ అంటారు. ఇక కార్మికుడు అపరాధి.

కువైట్‌లో 18వ నంబరు వీసా ప్రైవేటు సంస్థల ఉద్యోగులది, 20వ నంబరు ఇంటిపనివారిది. కడప, గోదావరి జిల్లాల నుండి వెళ్ళే మన సోదరీమణులలో చాలామంది రెండవదానిపై వెళ్తారు. వారికి ప్రైవేటు రంగ కార్మిక చట్టం వర్తించదు, వేరే చట్టమున్నది. వెల్డరుకు 20వ నంబరు ఇస్తే తీసుకోరాదు.

మార్పులు రాలేదని మేము అనము. ఖతార్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే హక్కు ఇచ్చినది. సౌదీ 2021లో షరతులతో ఇచ్చినది, ఇంటిపనివారిని మాత్రం ఆ సంస్కరణలో చేర్చలేదు.

మన ఇంజనీరు బిడ్డలు అమెరికా వెళ్ళే హెచ్-1బి వీసా కూడ యజమానితో ముడిపడినదే. అయితే కొత్త యజమాని దరఖాస్తు చేస్తే, పాతవాని అనుమతి లేకుండనే మారవచ్చు. ఉద్యోగం పోతే 60 రోజుల వరకు గడువున్నది. వెల్డరు కోరేది ఇంతకు మించి ఏమున్నది?

బయలుదేరేవారు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్ళు ఒక కట్ట ఇంటిలోను, ఒక కట్ట యూనియన్ కార్యాలయంలోను ఇచ్చి వెళ్ళండి. అరబ్బీలో ఉన్న వీసాను సంతకానికి ముందే చదివించుకోండి.