పనిలో పుట్టిన పాట

సంగీతమనగానే మనకు సభామందిరమును, తంబురా శ్రుతియును, మృదంగధ్వనియును స్ఫురించును. కాని తెలుగునాట పాట అధికభాగము రోటి కడను, ఏతము మీదను, ఊయెల ప్రక్కను పెరిగినది.

వడ్లు దంచు విధమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఒకే రోటిలో ఇద్దరు ముగ్గురు స్త్రీలు రోకళ్లు వేసెడివారు. ఒకరి పోటు పడి లేచునప్పటికి మరియొకరి పోటు పడవలెను. క్షణము తప్పినచో రోకలికి రోకలి తగులును. ఆ వరుసను నడిపినది 'సువ్వి' యను పల్లవియే. అచట పాట అలంకారము గాదు, పనిముట్టు. ఆ పాటలో రామకథ యుండును, పుట్టింటి తలపుండును, అత్తవారింటి ఆరడియు నుండును. నోట చెప్పరాని మాటను పాటలో చెప్పుటకు అడ్డు లేదు గదా! బియ్యముతోపాటు మనసును తేటపడెడిది. ఏతము త్రొక్కువాడు ఎన్ని బానల నీరు తోడెనో పాటలోనే లెక్క కట్టుకొనెడివాడు.

మన మహాకవులు ఈ వరుసలను చిన్నచూపు చూడలేదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున తుమ్మెదపదములను, వెన్నెలపదములను పేర్కొనెను. అన్నమాచార్యులు (1408–1503) సువ్విపాటలును, లాలిపాటలును కట్టిరి. త్యాగరాజస్వామి (1767–1847) ఉత్సవసంప్రదాయ కీర్తనలలో రామునకు మేలుకొలుపు మొదలు పవళింపు వరకు అన్నియు పాటలే. అంతటి నాదవేత్త, బిడ్డను నిదురపుచ్చు తల్లి మార్గమునే అనుసరించినాడు.

పిదప బియ్యపు మరలు వచ్చినవి, నీటి మోటార్లు వచ్చినవి. రోకలి మరల రావలెనని ఆ శ్రమ నెరిగిన స్త్రీ యెవ్వతెయు కోరదు, నేనును కోరను. అయితే రోకలితోపాటు పాటయు మూలబడినది. బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' 1958లో వెలువడినది. అట్టివారి కృషి వలన పదములు కొన్ని దక్కినవి. రేడియో కొన్ని వరుసలను ఇంటింటికి చేర్చినది. కాని రేడియో పాడుచుండగా ఇంటిల్లిపాదియు నోరు మూసికొని కూర్చుండుట నాకు రుచింపదు. వినుటవలన కలుగు ఆనందము వేరు, పాడుటవలన గుండెకు కలుగు తేలిక వేరు. కూరలు తరుగుచునో, బట్టలు మడచుచునో గొంతు కలుపుడు. శ్రుతి కొంచెము తప్పినను పొరుగువారు మన్నింతురు.

ఇంట అవ్వ యున్నచో ఆమెను బ్రతిమాలి దంపుడుపాట యొకటి పాడించుకొనుడు. పదములకన్న ముందు ఆమె ఎచట ఊపిరి తీయుచున్నదో గమనింపుడు. రోకలి పైకి లేచినది అచటనే.