పోరు ముగిసిన పిమ్మట
(సాయుధదళ పతాక దినమునాడు పట్టణ పఠనమందిరమున నొక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదీని మనము చొక్కాకొక చిన్న పతాకమును గుచ్చుకొని, పెట్టెలో నాలుగు రూకలు వేసి యిండ్లకు పోవుచున్నాము. 1949వ సంవత్సరమున నీ యాచారము మొదలైనది. ఆ రూకలు వ్యర్థములని నేననను. వితంతువులకును, అంగవికలులకును, సేవ ముగించి వచ్చినవారికిని వానివలన కొంత సాయమందుచున్నది. కాని రూక చేయగల పని కొంత, మనిషి చేయవలసిన పని కొంత గలదు. ఈ దినమున రెండవదానిని గూర్చియే మీతో మనవి చేయ దలచితిని.

మన గ్రామములలో భారతము చదివించుకొనువారు యుద్ధపర్వములను రాత్రుల తరబడి విందురు. స్త్రీపర్వము వచ్చునప్పటికి పుస్తకము మూయుదురు. పదునెనిమిది దినముల పోరు గెలిచిన ధర్మరాజునకు సింహాసనము రుచింపలేదు. అడవికి పోయెదనని పట్టుపట్టినాడు. తమ్ములు చెప్పిరి, ద్రౌపది చెప్పెను, వ్యాసుడును కృష్ణుడును చెప్పిరి; చాలలేదు. తుదకాతనిని అంపశయ్యపై నున్న భీష్మునికడకు తోడ్కొనిపోయిరి. శాంతిపర్వము రాజనీతి గ్రంథమని పండితు లందురు. నాకు మాత్రము అది దుఃఖితుడైన యొక సైనికునితో పెద్దలు ఓపికగా చేసిన సంభాషణముగా తోచుచుండును. గెలిచిన రాజునకే యింత ఓదార్పు వలసినప్పుడు, సియాచిను మంచులో కాపలా కాచి, తోడివాని శవమును భుజముపై మోసి, ఒకనాటి తెల్లవారుజామున ఇనుపపెట్టెతో మన రైలుస్టేషనులో దిగిన సిపాయికి అక్కరలేదా?

సిపాయి పదునైదేండ్లు సేవ చేసిన పింఛనున కర్హుడగును. అనగా ముప్పదియైదు, నలువది యేండ్ల ప్రాయముననే పెక్కుమంది యింటికి వత్తురు. అప్పటికి పిల్లలు బడిలో నుందురు. తలిదండ్రులు ముసలివారగుదురు. పొలము అన్నదమ్ముల చేతిలో నుండును. ఊరిలో నతని యీడువారు వ్యాపారములలోను, ఉద్యోగములలోను కుదురుకొని యుందురు. ఆజ్ఞ విని నడచుటయే యలవాటైనవానికి, ఎవ్వరి ఆజ్ఞయు లేని ఉదయము మొదటి శత్రువగును.

తాడేపల్లిగూడెమునకు చేరువనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమనియే పిలుతురు. మొదటి ప్రపంచయుద్ధము నాటినుండియు అచటి యిండ్లు బిడ్డలను సైన్యమునకు పంపుచున్నవి. అట్టి యూరికి తిరిగివచ్చిన సిపాయి మాట తెలిసినవాడు పొరుగింటనే యుండును. అరుగుమీదనే అతనికి ఓదార్పు దొరకును. మన పట్టణములో నట్లు గాదు. ఇచట వీధికొకడు, పేటకొకడు, ఒకని నొకడెరుగడు. మాధవరమున సహజముగా నున్న అరుగును మనమిచట పూనికతో కట్టవలెను.

కొందరు మిత్రులు, "వారికి పింఛను గలదు, కాంటీను గలదు, వైద్యము గలదు, ఇంకేమి కావలెను?" అని యడుగుదురు. ఈ ప్రశ్నకు నా వృత్తిలో చూచిన రెండు సంగతులే ప్రత్యుత్తరము.

మొదటిది ఒక నాయకు భార్యది. భర్త సేవలో నుండగనే జబ్బుచేసి చనిపోయినాడు. సైన్యపు కాగితములలో నామె పేరొక తీరు, ఆధారులో నింకొక తీరు. పెండ్లియైన సంగతి అతని యూనిట్టులో పార్టు-2 ఆర్డరుగా నెక్కవలసినది, ఎక్కలేదు. కుటుంబ పింఛను చనిపోయిన విధమునుబట్టి మూడు తరగతులు: సామాన్యమైనది కడపటి జీతములో నూటికి 30 వంతు, సేవవలన కలిగిన మరణమునకు 60, యుద్ధమున కూలినవాని కుటుంబమునకు పూర్తి జీతము. ఆమెకు తానే తరగతికి చెందునో చెప్పినవాడు లేడు. ఆరేండ్లు ఈ బల్లనుండి యా బల్లకు తిరిగి, ఇడ్లీలమ్ముకొని బ్రదికినది. ఎవరో చెప్పగా నావద్దకు వచ్చినది. ఒక ప్రమాణపత్రము, రికార్డు ఆఫీసునకు మూడుత్తరములు, జిల్లా సైనిక సంక్షేమాధికారి సిఫారసు: అంతే వలసినది. బకాయీతోసహా పింఛను వచ్చినది. కాని పదవతరగతితో మానిన కూతురి చదువును ఏ బకాయీ తిరిగి తెచ్చును?

రెండవది నా తప్పు. ఒక హవల్దారు మూడేండ్లు నా కచేరీకి వచ్చినాడు. అన్నదమ్ముల గట్టు తగాదా. నేను దస్తావేజులు చూచితిని, సర్వే పటము చూచితిని, వాయిదాలు వ్రాసికొంటిని. అతడెన్నడును తలుపునకు వీపు పెట్టి కూర్చుండలేదు, చూచియు నేనడుగలేదు. దీపావళినాడు అతడు లోపలిగదిలో తలుపు బిగించుకొని కూర్చుండునని గుమాస్తా చెప్పగా విని నవ్వితిని. దావా గెలిచితిమి. ఆ నెలలోనే అతని భార్య పిల్లలను తీసికొని పుట్టింటికి పోయినది. పోవుచు నా గుమ్మమున నిలిచి, "గట్టొచ్చింది గాని బాబుగారూ, మా మనిషి మాత్రం ఇంకా ఇంటికి రాలేదండీ" అన్నది. న్యాయస్థానములో నే నోడిన కేసులు పెక్కు గలవు. వానిలో నేదియు నన్నింత బాధింపలేదు.

సోదరులారా! ఇది పిరికితనము గాదు, పిచ్చియు గాదు. శరీరమునకు తగిలిన గుండువలె మనస్సునకును గాయము తగులును. వియత్నాము యుద్ధమునుండి తిరిగివచ్చిన అమెరికా సైనికుల విషయమున ఆ దేశము దీనిని ఆలస్యముగా తెలిసికొన్నది. 1979లో అచటి ప్రభుత్వము ఆసుపత్రులకు వెలుపల, జనులు మసలు చోట్ల, సలహాకేంద్రములను తెరిపించినది. యుద్ధము చూచి వచ్చినవారే కొందరచట కూర్చుండి, వచ్చినవారితో మాటాడుచుండిరి. మరుసటి సంవత్సరమున వైద్యశాస్త్రము ఆ గాయమునకు పేరు పెట్టి గ్రంథమున కెక్కించినది. వైద్యుడు పేరు పెట్టుటకు ముందే తోడివాడు చేయి పట్టుకొన్నాడన్నమాట. ఈ క్రమము మనకు పాఠము.

మన దేశమున సదుపాయములు లేవని యెవరనగలరు? 2003 ఏప్రిలు 1 నుండి మాజీ సైనికులకును వారి కుటుంబములకును ప్రత్యేక వైద్యపథకము గలదు. 2022 అక్టోబరు 10న టెలి మానస్ అను మనోవైద్య సలహా వ్యవస్థ వెలసినది. 14416 అను అంకెకు ఫోను చేసిన మన భాషలోనే మాటాడుదురు. 2023 డిసెంబరు 1న పూనాలోని సైనిక వైద్యకళాశాలలో సైనికులకును, వారి కుటుంబములకును ప్రత్యేకముగా నొక శాఖ తెరవబడినది. ఫోను గలదు సరే. దానిని చేతిలో పెట్టి, "చేయవోయ్, నేను పక్కనే యున్నాను" అను మనిషి యేడీ?

చట్టము వైపునను తలుపులు తెరచియే యున్నవి. పింఛను భిక్ష గాదు, హక్కు అని సుప్రీముకోర్టు నకారా కేసులో 1982 డిసెంబరు 17న స్పష్టముగా చెప్పినది. చేరునాడు ఏ జబ్బును లేదని వ్రాసికొన్న సిపాయికి తరువాత కలిగిన జబ్బు సేవవలన కలిగినదనియే తలపవలెననియు, కాదని చూపు భారము సర్కారుదేననియు 2013లో ధరమ్‌వీర్ సింగు కేసులో తీర్పు వచ్చినది. కాని ఆలస్యమునకు శిక్షయు గలదు: అంగవైకల్య పింఛనువంటి వానికి ఏండ్లు గడచిన పిమ్మట వచ్చినవారికి సామాన్యముగా దావాకు ముందటి మూడేండ్ల బకాయీయే దక్కునని 2008లో తర్సేమ్ సింగు కేసులో నిర్ణయమైనది. తెలియక ఊరకున్న ప్రతి సంవత్సరము ఒక బీదకుటుంబపు మూటనుండి జారిపోవుచున్నదని దీని యర్థము. 1987 నాటి న్యాయసేవల చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలకెల్లరకు, ఆదాయము ప్రశ్నింపకయే, ఉచిత న్యాయసాయము గలదు. సిపాయి భార్యయు, వితంతువును, తల్లియు అందులోనివారే. 2025 జూలై 26న జాతీయ న్యాయసేవాసంస్థ సైనిక కుటుంబములకొరకే యొక సహాయ పథకమును ప్రారంభించి, సైనికబోర్డు కార్యాలయములలో న్యాయసలహాశాలలు నెలకొల్ప పూనుకొన్నది. ఈ సంగతి మనలో నెందరికి తెలియును?

మరియొక సంగతి మనల తొందరపెట్టుచున్నది. 2022లో అగ్నిపథమను పద్ధతి వచ్చినది. నాలుగేండ్లు సేవచేసిన యువకులలో నూటికి 25 మందికి మించకుండ నిలుపుకొని, తక్కినవారిని సుమారు 11 లక్షల 71 వేల రూపాయల సేవానిధితో ఇంటికి పంపుదురు. ఆ నిబంధనలలో వారికి పింఛను లేదు. మాజీ సైనికుడను హోదాయు, ఆ వైద్యపథకమును లేవు. తొలి దళముల గడువు 2026 చివరి నెలలనుండి ముగియును. ఆ పద్ధతి మంచిచెడ్డలు శాసనసభలలో తేల్చుకొనవలసినవి, నేనిచట తేల్చను. ఇరువదియైదేండ్లయినను నిండని పిల్లవాడు, చేతిలో సొమ్ముతో, గుండెలో సరిహద్దుతో మన వీధిలోనికి వచ్చుచున్నాడు. సొమ్ము చూచి వచ్చువారు పదిమంది యుందురు. మనిషిని చూచి వచ్చువారెవరు? 2025 మే 9న కాశ్మీర సరిహద్దున నేలకొరిగిన కల్లి తండా బిడ్డ మురళీ నాయకు అగ్నివీరుడే. ఆనాడు దండలు తెచ్చిన చేతులు, అతనివలెనే పోయి ప్రాణములతో తిరిగివచ్చువారికొరకు ఖాళీగా నుండరాదు.

పోరిలో కూలినవానికి వీరగల్లు నిలుపుటతో మన పూర్వులు ఊరకుండలేదు. అతని కుటుంబమునకు రక్తమాన్యమని భూమి నిచ్చిరి. రాయి చనిపోయినవానికి, మాన్యము బ్రదికియున్నవారికి. మనము రాళ్లు నిలుపుచున్నాము. మాన్యము సర్కారు చూచుకొనునని యూరకున్నాము. మనము భూమి నీయలేము, కాలము నీయగలము.

కావున నా ప్రార్థన యిది. ఈ పఠనమందిరములో ప్రతి ఆదివారము ఉదయము రెండుగంటలు ఒక బల్ల వేయుదము. దానివద్ద నలుగురు కూర్చుందురు: కాగితములు తెలిసిన విశ్రాంత గుమాస్తా యొకడు, న్యాయవాది యొకడు, సేవచేసి వచ్చిన సైనికు డొకడు, స్త్రీలు మనసు విప్పి మాటాడగల యొక సోదరి. మొదట పింఛను పత్రము, డిశ్చార్జి పుస్తకము, పేర్లు, పుట్టినతేదీలు సరిచూతురు. యేటేట జీవన ప్రమాణమును కంప్యూటరులో నెక్కింపలేని ముసలివారికి ఎక్కించిపెట్టుదురు. పింఛను లేని 65 యేండ్లు దాటిన మాజీ సైనికునకును, వితంతువునకును నెలకు 8,000 రూపాయల సాయము 2025 నవంబరునుండి గలదు. దానికి దరఖాస్తు వ్రాసిపెట్టుదురు. ఇవన్నియు తలుపు తట్టుటకే. కాగితముకొరకు వచ్చినవాడు కొంతసేపు కూర్చున్న పిమ్మట, "నిద్ర పట్టుచున్నదా?" అని యడుగవలెను. నేను మూడేండ్లు అడుగని ప్రశ్న అది.

ఈ బల్లకు మూడు కట్టుబాట్లుండవలెను. అచట విన్నమాట గుమ్మము దాటరాదు. ఉపన్యాసము చేయరాదు, నావంటివారి కిదియే కష్టము. ప్రాణముమీద విరక్తి మాట విన్న క్షణమున ఒంటరిగా విడువక వైద్యునికడకు తామే తోడుపోవలెను. మనము వైద్యులము గాము. వైద్యునిదాక నడిపించు తోవ మాత్రమే మనము.

ఆ హవల్దారును గూర్చి మీరడుగుదురు. నేను పోయిన సంవత్సరము ఆతని యింటికి పోయితిని. ఈమారు కాగితములు తీసికొనిపోలేదు. మొదటి రెండు పర్యాయములు అతడు మాటాడలేదు. మూడవమారు మాటాడినాడు, వైద్యునికడకును నాతో వచ్చినాడు. భార్యాపిల్లలు ఇంకను రాలేదు. సంక్రాంతికి వత్తురేమోయని వాకిలి అలికించుచున్నాడు. వచ్చే ఆదివారము బల్లవద్ద కూర్చుండు సైనికుడు తానే యగుదునని నిన్న నాతో చెప్పినాడు. తక్కిన మూడు కుర్చీలలో నొకటి నాది. మిగిలిన రెండింటికి ఈ సభలోనివారు పేర్లిచ్చి పోవలెనని చేతులు జోడించి వేడుచున్నాను.