అప్పు లేని పెళ్ళే ఆత్మగౌరవ పెళ్ళి

(దళితవాడల్లో పెళ్ళి ఖర్చుల మీద యువజన, మహిళా సంఘాల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మీటింగంటే మనం భూమి గురించి, కూలి రేట్ల గురించి, దాడుల గురించి, రిజర్వేషన్ల గురించి మాట్లాడుకుంటాం. ఇవాళ పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడుకుందామంటే కొందరు నవ్వారు. "దానికి సంఘమెందుకు, పెళ్ళిళ్ళ పేరయ్య చాలడా?" అన్నారు. మన వాడలో ఉన్న అరెకరం పోగొట్టుకున్న ఇండ్లకు పోయి, అది ఎట్లా పోయిందో అడగండి. ఒకరు రోగానికి పోయిందంటారు, ఒకరు పెళ్ళికి పోయిందంటారు. రోగం మన చేతుల్లో లేదు. పెళ్ళి మన చేతుల్లో ఉంది. అందుకే ఈ మీటింగు.

పలకా బలపం లేకుండా వేసుకోగల లెక్క ఒకటి చెప్తాం. బిడ్డ పెళ్ళికని మూడు లక్షలు తెచ్చామనుకోండి. నూటికి మూడు రూపాయల మిత్తి. నెలకు 9,000. ఏడాదికి 1,08,000. రోజు కూలి 500 అనుకుంటే 216 రోజులు మిత్తికే పనిచెయ్యాలి. అసలు అట్లనే కూర్చొని ఉంటుంది. వాన పడ్డ రోజు, జ్వరమొచ్చిన రోజు, పని దొరకని రోజు తీసేస్తే ఆ మనిషి ఏడాదంతా ఎవరి కోసం చెమటోడ్చినట్టు? పెళ్ళి ఒక్క రోజులో అయిపోయింది. ఆ పిల్ల కడుపున పుట్టిన బిడ్డ బడికి పోయే నాటికి కూడా తాత ఆ పెళ్ళి భోజనాల బాకీ కడుతూనే ఉన్నాడు.

ఇది కొత్త కత కాదు. వెనకట పటేలు దగ్గర పెళ్ళికి అప్పు తెచ్చినోడు తాను జీతముండేవాడు. తీరకపోతే కొడుకును జీతం పెట్టేవాడు. ఆ కొడుకు పెళ్ళికి మళ్ళీ అదే గడపకు పోయేవాడు. 1976లో కట్టు బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టమొచ్చింది. కాగితం మీద జీతగాడు విడుదలయ్యాడు. కానీ పెళ్ళి అప్పు రూపం మార్చుకుంది. ఇప్పుడు అది ఫైనాన్సు వాయిదా, బంగారం కుదువ, మహిళా గ్రూపు లోను. గ్రూపు లోను తెచ్చి మండపానికి కట్టిన తల్లి, వాయిదా నాడు ఇల్లిల్లూ తిరిగి చేబదులు అడుగుతోంది.

ఇట్లా మాట్లాడితే ఒక తమ్ముడు మమ్మల్ని గట్టిగానే నిలదీశాడు. "మా తాత పెళ్ళినాడు చెప్పులు చేతుల పట్టుకొని దొర గడీ ముందర నడిచిండు. ఇయ్యాల నేను కారుల కూసోని, డీజే పెట్టుకొని ఊరు నడిమిట్లకెల్లి పోతున్న. వాళ్ళ కండ్లు మండుతున్నయి. మీరేమో ఖర్చు తగ్గించుకో అంటరు. వాళ్ళ మాట, మీ మాట ఒక్కటేనా?" అన్నాడు.

ఆ తమ్ముడి కోపం న్యాయమైన కోపం. మన పెళ్ళి ఊరేగింపు చూసి ఓర్వలేనితనం ఈ దేశంలో ఇంకా చావలేదు. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని కాస్‌గంజ్ జిల్లాలో ఒక దళిత పెళ్ళికొడుకు, ఠాకూర్లున్న ఊళ్ళో నుంచి బరాత్ తీసుకపోవడానికి హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. చివరికి పోలీసు బందోబస్తు నడుమ ఆ బరాత్ నడిచింది. కాబట్టి ఊరేగింపు మన హక్కు. నడిబజారు నుంచే పోదాం. చెప్పులేసుకొని, తలెత్తుకొని పోదాం. కానీ ఆ హక్కు డీజే కిరాయిలో లేదు, మన కాళ్ళలో ఉంది. ఎవరికి చూపించాలని ఊరేగుతున్నామో, మర్నాడు వాళ్ళ గుమ్మంలోనే ప్రామిసరీ నోటు మీద సంతకం పెడితే ఆ ఊరేగింపు ఎవరి గెలుపు? తక్కువ ఖర్చుతో చేసుకోవడం వేరు, తక్కువ మనుషులుగా చేసుకోవడం వేరు. మేం చెప్తున్నది మొదటిది.

ఈ దారి మనకు కొత్తగా ఎవరో చూపించనక్కర్లేదు. మహాత్మా ఫూలే 1873లో సత్యశోధక్ సమాజాన్ని పెట్టి, పురోహితుడు లేకుండా, కట్నం లేకుండా పెళ్ళిళ్ళు జరిపించాడు. ఆ పెళ్ళిలో వధూవరులే ఒకరికొకరు మాట ఇచ్చుకునేవారు. హైదరాబాదులో 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ మన వాడల్లో బాల్య వివాహాల మీద, జోగిని ఆచారం మీద, తాగుడు మీద పోరాడాడు. బాబాసాహెబ్ అంబేద్కర్‌కు, రమాబాయికి పెళ్ళి జరిగింది బొంబాయి బైకుల్లా చేపల మార్కెట్లో. రాత్రి మార్కెట్ మూసేశాక, రాతి అరుగులే బల్లలుగా, కింద నీళ్ళు పారుతుండగా జరిగింది. తెల్లారి చేపలమ్మే అక్కలు వచ్చే సరికి పెళ్ళివారు ఖాళీ చేశారు. అది పేదరికం చేయించిన పెళ్ళి. 1948 ఏప్రిల్ 15న ఢిల్లీలో జరిగిన రెండో పెళ్ళినాటికి ఆయన దేశానికి న్యాయశాఖ మంత్రి. అప్పుడు కూడా ఇంట్లోనే, కొద్దిమంది మధ్య, రిజిస్టరు పెళ్ళే చేసుకున్నాడు. అది ఆయన కోరి చేసుకున్న పద్ధతి. మంత్రికి లేని నామోషీ మనకెందుకు?

సరే, పెళ్ళి ఎట్లా చేద్దాం? మా సంఘం అనుభవం మీద కొన్ని మాటలు చెప్తాం.

మొదటిది మనుషుల లెక్క. మండపం, మెనూ తర్వాత. మన పెళ్ళి ఎవరు చూడాలని మనసులో ఉందో వాళ్ళ పేర్లు ముందు రాసుకోండి. పిల్లా పిల్లగాడు కూడా కూర్చొని రాయాలి. ఎన్నడూ మన గడప తొక్కనివాళ్ళను పిలిచి, కుర్చీలు నిండలేదని ఏడ్వడం ఎందుకు? నూరు మంది తగ్గితే 15 నుంచి 20 కిలోల బియ్యం తగ్గుతుంది, దానికి తగ్గ కూరా, ఆకులూ, కుర్చీలూ తగ్గుతాయి.

రెండోది రోజు. ముహూర్తాల నాడు టెంటువాడు, వంటవాడు, బండివాడు, హాలువాడు అందరూ రేటు పెంచుతారు. ఎందుకంటే ఊరందరికీ అదే రోజు కావాలి. మూఢంలో, ఆషాఢంలో అవే కుర్చీలు ఖాళీగా పడి ఉంటాయి. వెనకట మన వాడకు బాపనయ్య రానేలేదు. మన కులపెద్దలు, మన పెద్దమ్మలు పెళ్ళి చేస్తే మన తాత ముత్తాతలు కాపురాలు చెయ్యలేదా? మనల్ని అంటుకోని పంచాంగం మన ఖర్చును మాత్రం పెంచుతోంది. అందరికీ పని లేని ఆదివారం చూసుకోండి. ఏప్రిల్ 14న చేసుకుంటే ఇంకా మంచిది.

మూడోది తిండి. పాతిక రకాలు పెట్టి సగం పారబోసే బఫే మనకొద్దు. మన పెళ్ళి అన్నం మనకు తెలుసు. వేడన్నం, మాంసం కూర, పచ్చిపులుసు, ఒక తీపి. మనం తినేది దాచిపెట్టి, ఎవరో మెచ్చుకోవాలని వేరే వంట పెట్టనక్కర్లేదు. వాడలో వండే చేతులున్నాయి. వాళ్ళకు కూలి ఇద్దాం. సంఘం తలా ఇంత వేసుకొని డేగిసలు, గంటెలు, టార్పాలిన్లు ఒక్కసారి కొనిపెడితే ప్రతి పెళ్ళికీ పనికొస్తాయి. ఇంటికి రెండు కిలోల బియ్యం తెచ్చే అలవాటు పెట్టుకుంటే, ఇవాళ నీ పెళ్ళికి వచ్చిన బియ్యం రేపు నా పెళ్ళికి వస్తుంది. దాని మీద మిత్తి లేదు.

నాలుగోది డప్పు. ఊళ్ళో ఎవరి పెళ్ళయినా, ఎవరి చావయినా డప్పు కొట్టింది మనం. మన పెళ్ళికి మాత్రం మన డప్పు నామోషీ అయిందా? వెట్టికి కొట్టిన డప్పు వేరు, మన సంతోషానికి మనం కొట్టుకునే డప్పు వేరు. కొట్టిన అన్నకు కూలి ఇచ్చి, శాలువా కప్పి, పెండ్లివారి బంతిలో కూర్చోబెట్టి అన్నం పెడదాం.

ఐదోది కట్నం. 1961 చట్టం ప్రకారం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే. పేరు మార్చి బండి అన్నా, బంగారం అన్నా అది కట్నమే. జై భీమ్ అని జెండా పట్టిన పిల్లగాడు బండి అడిగితే ముందు ఆ జెండా కింద పెట్టమని చెప్పండి. మిగిలిన ఖర్చు రెండిండ్లూ సగం సగం పెట్టుకోవాలి. 1942లో నాగపూర్ మహిళా సభలో బాబాసాహెబ్ ఆడవాళ్ళకు చెప్పిందేమిటి? పెళ్ళికి తొందరపడొద్దు, భార్య భర్తకు స్నేహితురాలిగా నిలబడాలి, బానిసగా కాదు అని. ఆ మాట పందిట్లోనే మొదలు కావాలి. ఫూలే, సావిత్రీబాయి, అంబేద్కర్ పటాల ముందు ఇద్దరూ నిలబడి, ఎట్లా బతకదలుచుకున్నారో సొంత మాటల్లో అందరూ వినేటట్టు చెప్పాలి. తెలియని భాషలో మంత్రం కంటే తడబడుతూ చెప్పిన సొంత మాట గొప్పది. చర్చిలో చేసుకునేవాళ్ళకూ ఇదే చెప్తున్నాం. పాస్టరు గారు ప్రార్థన చేసినా ఖర్చు లెక్క మాత్రం మారదు.

ఇక కాగితం సంగతి జాగ్రత్తగా వినండి. తమిళనాడులో పెరియార్ ఉద్యమం వల్ల, పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలకు 1967లో హిందూ వివాహ చట్టానికి 7ఎ సెక్షను చేర్చి గుర్తింపు ఇచ్చారు. మన దగ్గర అట్లాంటి సెక్షను లేదు. ఆచారం ప్రకారం తంతు జరగకపోతే, సర్టిఫికెట్ ఒక్కటి ఉన్నంత మాత్రాన హిందూ వివాహం చెల్లదని 2024లో సుప్రీం కోర్టు చెప్పింది. అందుకని ఉత్త దండలు మార్చుకొని ఊరుకోవద్దు. రేపు ఏ తేడా వచ్చినా నష్టపోయేది ఆడపిల్ల. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుంటే ఏ తంతూ అక్కర్లేదు. పిల్లగాడికి 21, పిల్లకు 18 నిండాలి. నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ముగ్గురు సాక్షులు కావాలి. ఆ సాక్షులుగా సంఘం వస్తుంది.

కల్యాణలక్ష్మి మాట కూడా చెప్పాలి. తెలంగాణలో అది 2014లో 51,000తో మొదలై, 2018లో 1,00,116 అయింది. తీసుకోండి, అది మన హక్కు. కానీ చాలా ఇండ్లలో ఆ చెక్కు పెళ్ళయ్యాకనే చేతికొస్తోంది. చెక్కును చూసి ముందే అప్పు తెస్తే అది మిత్తికే పోతుంది. దాన్ని పందిరి ఖర్చులో రాయకండి. పిల్ల చదువుకో, కుట్టుమిషనుకో, పిల్ల పేరున బ్యాంకులోకో పోవాలి.

పెళ్ళికి దాచిన డబ్బుతో బిడ్డను ఇంకో రెండేండ్లు చదివించిన ఇల్లు ఏదీ మన వాడలో చెడిపోలేదు. ఇవాళ ఇక్కడున్న పెండ్లీడు పిల్లలు, పిల్లగాండ్లు ముందుకొచ్చి చేతులెత్తండి. అప్పు తెచ్చి పెళ్ళి చేసుకోం, కట్నం తీసుకోం, కాగితం లేకుండా కాపురం పెట్టం. ఈ మూడు మాటలు సంఘం రిజిస్టరులో రాసి సంతకాలు పెట్టండి. వేలిముద్ర వేసే తల్లిదండ్రులు వేలిముద్రే వెయ్యండి. ఇన్నాళ్ళూ ఆ వేలు అప్పు కాగితాల మీద పడింది. ఇవాళ మన సొంత కాగితం మీద పడనీ.

జై భీమ్!