ఫోన్‌లో 11,000 ఫోటోలు, నానమ్మది ఒక్కటీ లేదు

ఈ ఎపిసోడ్‌లో కెమెరా రివ్యూ లేదు, మెగాపిక్సెల్స్ గొడవ అసలే లేదు. ఒక్కటే ప్రశ్న. మనం ఫోటో ఎందుకు తీస్తాం?

రెండేళ్ళ క్రితం మా నానమ్మ పోయింది. పెద్దకర్మకి ఫ్రేమ్ కట్టించాలి, మంచి ఫోటో ఉంటే పంపరా అని నాన్న అడిగారు. నా ఫోన్‌లో 11,000 ఫోటోలు ఉన్నాయి. బిర్యానీ ఉంది, ఆఫీస్ క్యాంటీన్ ఉంది, ట్రాఫిక్ జామ్ కూడా ఉంది. నానమ్మ మాత్రం నా సెల్ఫీల్లో వెనకాల సగం మొహం. చివరికి పెన్షన్ కోసం తీయించిన పాస్‌పోర్ట్ ఫోటోనే పెద్దది చేయించాం. అందులో బిగుసుకుపోయి, భయపడుతూ చూస్తుంటుంది. మా నానమ్మ ఎప్పుడూ అలా ఉండేది కాదు.

ఆ తర్వాతే రాజా దీన్ దయాళ్ గురించి చదివాను. 1844లో పుట్టారు. ఒకరకంగా మన బ్యాచే అనుకోండి. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీలోకి వచ్చారు. తర్వాత హైదరాబాద్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. ఆయన తీసింది గాజు పలకల మీద. ఒక్కో ఫోటోకి ఒక్కో పలక. బర్స్ట్ మోడ్ లేదు, డిలీట్ లేదు. అందుకే నొక్కే ముందు మనిషిని బాగా చూడాల్సిందే.

నన్ను ఆపేసిన విషయం ఇంకోటి ఉంది. 1892లో ఆయన హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసమే జనానా స్టూడియో పెట్టారు. పరదా పాటించే స్త్రీలు మగ ఫోటోగ్రాఫర్ ముందుకు రారు కదా, అందుకని అక్కడ తీసేవాళ్ళు కూడా ఆడవాళ్ళే. అది బిజినెస్ కూడా కావచ్చు, కాదనను. కానీ ఎవరి ఫోటో ఎవరూ తీయట్లేదో ఆయనకి కనిపించింది. నాకు కనిపించలేదు. మా ఇంట్లో ఆ మనిషి వంటగదిలోనే ఉంది.

ఫోటోగ్రఫీ అనే మాట గ్రీకు నుంచి వచ్చింది, కాంతితో రాయడం అని అర్థం. మనవాళ్ళేమో ఛాయాచిత్రం అన్నారు. ఛాయ అంటే నీడ కూడా. రెండూ నిజమే. ఫ్లాష్ కొడితే నీడలన్నీ చెరిగిపోతాయి, మొహం అప్పడంలా కనిపిస్తుంది. పక్కనుంచి వెలుగు పడితే ఒక్కో ముడత కనిపిస్తుంది, మనిషి కనిపిస్తుంది.

సో, ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో ఎప్పుడూ ఫోటో తీసేవాళ్ళుంటారు, ఎప్పుడూ వెనకాలే ఉండిపోయేవాళ్ళుంటారు. ఆ రెండో మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఫ్లాష్ వద్దు, బ్యూటీ ఫిల్టర్ వద్దు. ఫోన్ వాళ్ళ కళ్ళ ఎత్తులో పట్టుకోండి. నవ్వమని అడక్కండి. వాళ్ళ పెళ్ళి గురించో, చిన్నప్పటి ఊరి గురించో అడగండి. వాళ్ళు ఫోన్‌ని మర్చిపోయే దాకా ఆగండి. అప్పుడు తీయండి. ఒక్కటి చాలు. దాన్ని ప్రింట్ కూడా వేయించండి, ఫోన్ మారితే పోకుండా ఉంటుంది.

నాకు ఆ ఆదివారం లేదు. మీకు ఉంది. ఎవరిని తీశారో కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.