గడువు మీరిన ప్రవాసి



ముప్పదియేండ్లు పాఠశాలలో తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి గొన్న పండితుడు అమెరికా వీసాలను గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోచవచ్చును. నాకును వింతగానే యున్నది. ఈ విద్యను నేను గురుముఖమున నేర్వలేదు. నా యింటికి వచ్చిన కష్టము నేర్పినది. నేడు మన తెలుగునాట విదేశమున బిడ్డలు లేని వీధి అరుదు గనుక, నేను నేర్చిన నాలుగు మాటలు ఏ యింటివారికైన ఉపకరింపకపోవునా యని మాట్లాడ సాహసించుచున్నాను.

నా కూతురి కొడుకు ఉద్యోగార్థమై అమెరికా సంయుక్తరాష్ట్రములకు పోయెను. పాస్‌పోర్టులో అతికిన వీసాకు మూడేండ్ల గడువుండెను. ఒకమారు ఇంటికి వచ్చి మరల పోయినప్పుడు, విమానాశ్రయమందలి అధికారి అతని పాస్‌పోర్టు కొలది నెలలలో ముగియనున్నదని చూచి, ఆ దినమువరకే నివాసానుమతి నిచ్చెను. పిల్లవాడు పాస్‌పోర్టును క్రొత్తది చేయించుకొనెను గాని, నివాసానుమతిని గూడ పొడిగించుకొనవలెనని ఎరుగడు. వీసా ఉన్నది గదా యని నిశ్చింతగా నుండెను. ఆ కాలముననే అచ్చట పుట్టి పెరిగిన ఒక తెలుగు కన్యను, ఆ దేశపు పౌరురాలిని, వివాహమాడెను.

మీరు గ్రహింపవలసిన మొదటి సంగతి ఇదియే. వీసా వేరు, నివాసానుమతి వేరు. వీసా యనునది ఆ దేశపు వాకిట నిలిచి తలుపు తట్టుటకు అధికారము మాత్రమే. లోపల ఎన్నినాళ్లుండవచ్చునో చెప్పునది ఐ-94 అను ప్రవేశపత్రము. ఏకాదశి ఏనాడో తెలియుటకు గోడమీది కేలండరును చూచి ఊరకుందుమా? సూర్యోదయమునకు ఏ తిథి యున్నదని పంచాంగము విప్పి చూతుము. అట్లే ప్రవాసియు దేశమున అడుగిడిన ప్రతిసారి ఐ-94లోని తేదీని చూచుకొనవలయును. అది ఇప్పుడు కాగితముగా చేతికి రాక కంప్యూటరునందుండునది గనుక, చూడనివాడు చూడకయే యుండును. నా మనుమడు చూడలేదు.

ఇట్లుండగా నా భార్యకు జబ్బు చేసెను. వైద్యులు ఆశ వదలుకొనిరి. నేను టెలిఫోనులో, “నాయనా, అమ్మమ్మ నీ పేరే తలచుచున్నది. కన్ను మూయకముందే వచ్చి చూచిపొమ్ము” అంటిని. అతడు, “వచ్చుచున్నాను తాతగారూ. ఎట్లును ఈ ఉద్యోగము ముగిసినది. ఇంటినుండియే భార్య పేరిట వీసాకు పెట్టుకొని తిరిగి పోయెదను. కొన్ని నెలల పని” అనెను. వచ్చెను. తొమ్మిదవనాడు ఆమె అతని చేతి తులసితీర్థము పుచ్చుకొని వెడలిపోయెను. ఆ విషయమున నాకు చింత లేదు. కాని నేను పలికిన ఆ “వచ్చి చూచిపొమ్ము” అను మాటలో “చూచి” అనుట సాగినది గాని, “పొమ్ము” అనుట సాగలేదు.

కర్మకాండ ముగిసిన తరువాత, కోడలిపిల్ల అచ్చట ఒక న్యాయవాదికి కాగితములన్నియు చూపెను. ఆయన ఐ-94లోని తేదీ మొదలుకొని మావాడు విమానమెక్కిన దినమువరకు లెక్కించి, 426 దినములని తేల్చెను. అప్పుడు గాని మాకు చట్టము తెలియలేదు.

అమెరికావారు 1996వ సంవత్సరమున తమ వలస చట్టమును మార్చి, 1997 ఏప్రిలు 1వ తేదీనుండి ఈ లెక్కను పెట్టిరి. అనుమతి లేక ఒక్క విడతలో 180 దినములకు మించి, ఏడాదికి లోపల నుండి, తమంత తాము వెడలిపోయినవారు మూడేండ్లవరకు మరల ప్రవేశింపరాదు. ఏడాదియో అంతకు మించియో ఉండి వెడలినవారు పదియేండ్లవరకు ప్రవేశింపరాదు. 180 దినములు మించనివారికి ఈ నిషేధము తగులదు గాని, అంతకుముందున్న వీసా మాత్రము చెల్లక పోవును. పదునెనిమిదేండ్లు నిండని పిల్లలకు ఈ దినములు లెక్కకు రావు. తేదీ వేయక, చదువు సాగునంతకాలము ఉండవచ్చునని ప్రవేశపెట్టబడిన విద్యార్థుల లెక్కయు వేరుగా నుండును.

ఇందులోని చమత్కారమును, క్రౌర్యమును ఒక్కచోటనే యున్నవి. నిషేధము ఉన్నవానికి తగులదు; వెడలినవానికి తగులును. గడప దాటిన క్షణముననే తలుపు మూతపడును. మావాడు విమానాశ్రయమున సక్రమముగా పరీక్షింపబడి ప్రవేశించినవాడు, భార్య పౌరురాలు. అట్టివాడు గడువు మీరియుండినను, ఆ దేశమున నుండియే శాశ్వత నివాసమునకు, అనగా గ్రీన్‌కార్డునకు, దరఖాస్తు చేసికొనుటకు చట్టము చోటిచ్చుచున్నది. పౌరుల భార్యాభర్తలకు గల విశేషము అది. భార్య పౌరురాలు గాక గ్రీన్‌కార్డు మాత్రమే కలదియైనచో, గడువు మీరినవానికి సాధారణముగా ఆ దారి యుండదు.

అట్టి దరఖాస్తు పెట్టినవాడు, నడుమ ఇంటికి రావలసివచ్చినచో, ముందుగా అడ్వాన్స్ పెరోల్ అను ప్రయాణానుమతిని పొందవచ్చును. అట్లు పొంది పోయివచ్చుట, పదియేండ్ల నిషేధమును తెచ్చు “వెడలుట” కాదని ఆ దేశపు వలస అప్పీళ్ల బోర్డు 2012వ సంవత్సరమున తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యమాడినవారు మన దేశపు దంపతులే. తీర్పు శీర్షికలోని రెండు ఇంటిపేర్లును తెలుగు ఇంటిపేర్లే. వృద్ధులైన తల్లిదండ్రుల నిమిత్తమై వారు చేసిన ప్రయాణము అచ్చటి న్యాయశాస్త్రమున ఒక సూత్రమై నిలిచినది. ఆ సూత్రము నాకు ముందుగా తెలిసియుండిన, “వచ్చి చూచిపొమ్ము” అనుటకు ముందు, “ఎవరినైన అడిగి రమ్ము” అనియుందును. నా భార్య తొమ్మిది దినములే యుండినది గనుక, అప్పుడును వాడు అందుకొనకయే పోవునేమో. అయినను తెలిసి కోలుపోవుట వేరు, తెలియక కోలుపోవుట వేరు.

ఇక రెండవ సంగతి చెప్పెదను. నా ప్రసంగమునకు ప్రాణమైనది ఇది.

కోడలిపిల్ల భర్తకొరకు ఐ-130 అను అర్జీని పెట్టెను. వివాహము సత్యమైనదని తృప్తి చెంది అధికారులు దానిని అంగీకరించిరి. తరువాత మావాడు వీసా దరఖాస్తు నింపవలసివచ్చెను. అందులో ఒక ప్రశ్న కలదు: ఎన్నడైన అనుమతించిన కాలమునకు మించి అమెరికాలో ఉంటిరా? ఇచ్చట మా పట్టణమున దరఖాస్తులు నింపియిచ్చు ఏజెంటొకడు, “లేదని వ్రాయుడు. పని సులభమగును. ఇదివరకు ఎందరికో వ్రాసితిని” అని ధైర్యము చెప్పెను. నా అల్లుడు కొంత ఊగిసలాడెను. కూతురు కొడుకు ముఖము చూచి, “నాన్నగారూ, ఒక్క అక్షరముకొరకు పదియేండ్లా?” అని కంట నీరు పెట్టుకొనెను. అందరును నావంక చూచిరి. వాడిని రమ్మన్నవాడను నేనే గదా!

నేనప్పుడు చెప్పినది ధర్మశాస్త్రము చదివిన ఎవరైనను చెప్పునదే. దోషము చేసినవాడు ప్రాయశ్చిత్తము కోరినచో మొదట పరిషత్తు ఎదుట తన దోషమును తానే నివేదింపవలయును. నివేదనము లేనిదే ప్రాయశ్చిత్తవిధి లేదు. “నాయనా, నీవు తెలియక చేసినది తప్పిదము. తెలిసి ‘లేదు’ అని వ్రాసినచో అది పాపము. తప్పిదమునకు దారి యుండును” అంటిని. ఇది వట్టి వృద్ధుని నీతిబోధ యని మీరనుకొనరాదు. అమెరికా చట్టమును సరిగా ఇట్లే యున్నది. గడువు మీరినవానికి శిక్ష మూడేండ్లో పదియేండ్లో. కాలము గడచిన తీరును. వీసాకొరకు ముఖ్యవిషయమున అసత్యమాడినవానికి నిషేధము యావజ్జీవము. ఎన్నియేండ్లు గడచినను దానంతట అది తీరదు, వేరొక మినహాయింపును బతిమాలి పొందవలసినదే. పౌరుడను కాకయే పౌరుడనని చెప్పుకొన్న వలసదారునకు ఆ మినహాయింపును లేదు. పైగా రాకపోకల తేదీలు వారి లెక్కలలోనే యున్నవి. వారి పుస్తకము వారి చేతనుండగా వారిని మోసగింపబూనుట, చూచువాని యెదుట కన్నములు వేయుటయే.

మావాడు “అవును” అని వ్రాసి, తేదీలను దాచక యిచ్చెను. ముంబయి కాన్సులేటున విచారించిన అధికారిణి మర్యాదగా మాటాడి, చట్టప్రకారము వీసా యిప్పుడీయరాదనియు, మినహాయింపును కోరవచ్చుననియు వ్రాసి చీటి యిచ్చెను.

ఆ మినహాయింపునకు ఐ-601 అను దరఖాస్తు కలదు. అందు చూపవలసిన కష్టము వీసా కోరువానిది కాదు. పౌరులో గ్రీన్‌కార్డు కలవారో అయిన భార్యకో, భర్తకో, తల్లికో, తండ్రికో కలుగు తీవ్రమైన కష్టము చూపవలయును. ఎడబాటు బాధ యందరికి నుండునదే గనుక అది యొక్కటియే చాలదు. కోడలిపిల్ల తల్లికి మూత్రపిండములు చెడి వారమునకు మూడుమార్లు డయాలిసిస్ జరుగుచున్నది. తీసికొనిపోయి తీసికొనివచ్చునది ఈ పిల్లయే. తల్లిని విడిచి భర్తకడకు రాలేదు. భర్త లేక అచ్చటి భారము మోయలేదు. ఈ సంగతిని వైద్యుల పత్రములు, ఇంటి యద్దె రసీదులు, ఉద్యోగమున సెలవుల లెక్కలు చేర్చి నిరూపించిరి. వర్ణన కంటె రసీదు బలమైనదని నేను ఈ వయస్సున నేర్చుకొంటిని.

దరఖాస్తు అంగీకృతమగునప్పటికి, మావాడు వచ్చిన దినమునుండి రెండేండ్ల అయిదు నెలలు గడచినవి. ఆ కాలమున అతడు మా యూరి పిల్లలకు లెక్కలు చెప్పెను. అచ్చట తెల్లవారుచుండగా ఇచ్చట చీకటిపడు వేళ, అరుగుమీద కూర్చుండి ప్రతిదినము భార్యతో టెలిఫోనులో మాటాడుచుండెను. ఒకనాడు నేను, “నేను పిలువకుండిన బాగుండెడిది” అంటిని. అతడు, “తాతగారూ, అమ్మమ్మను చూచితిని. తేదీని చూచుకొనకపోవుట నా తప్పు, మీ పిలుపు తప్పు కాదు” అనెను. ఆ మాటతో నా గుండెబరువు కొంత దిగినది. గడచిన కార్తికమున అతడు పోయెను. వీసా అతికిన పాస్‌పోర్టును దేవునిముందుంచి, నాకు నమస్కరించి బయలుదేరెను. ఈమారు ఐ-94ను ఎవరును చెప్పకయే చూచుకొనెనట.

శ్రోతలారా, నేను న్యాయవాదిని కాను. ఒక్కొక్కరి కథ ఒక్కొక్కతీరు. గడువు మీరినవారు చేయవలసిన మొదటి పని, అచ్చటి వలస న్యాయమున అనుమతి పొందిన న్యాయవాదిని కలిసి దినములు లెక్కింపించుకొనుట. ఆ లెక్క తేలకుండ దేశము విడువరాదు. దేశమున నుండియే గ్రీన్‌కార్డు కోరు వీలులేనివారికి, వెడలకముందే మినహాయింపును తాత్కాలికముగా పొందు పద్ధతి 2013వ సంవత్సరమునుండి యేర్పడినది. దానిని గూర్చియు ఆయననే యడుగవలయును. ఇక ఇచ్చటి పెద్దలమైన మనము చేయవలసినది ఒక్కటి. పండుగకనియు, పెండ్లికనియు, జబ్బుకనియు పిల్లలను రమ్మని పిలుచుటకు ముందు, “నీ కాగితములు సరిగా నున్నవా?” యని ఒక్కమాట అడుగుట. అడిగినంతమాత్రమున ప్రేమ తరగదు.

గడువు తప్పుట కాలముచేత తీరు దోషము. మాట తప్పుట కాలముచేత తీరనిది. ఈ భేదము తెలిసినవానికి తలుపు ఆలస్యముగానైన తెరువబడును.

ఇంతటితో నా ప్రసంగమును ముగించుచున్నాను. స్వస్తి.