క్రేను చక్రం ఎంపిక: కార్మికుల ప్రాణాలతో ముడిపడిన లెక్క

ధర్మపురిలో జరిగిన భద్రతా శిక్షణ తరగతిలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం



నూలు మిల్లు కార్మికులకు క్రేను చక్రాల గొడవ ఎందుకని కొందరు అడిగారు. జవాబు మన ఇళ్ళలోనే ఉంది. మిల్లులో షిఫ్టులు తగ్గినప్పుడల్లా మన కుర్రాళ్ళు కాంట్రాక్టు పనికి బయటికి పోతున్నారు. జిల్లా పొలిమేర దాటితే మెట్టూరు థర్మల్ కేంద్రం. అక్కడ 1987 నుంచి 1990 లోపల నడక మొదలుపెట్టిన 210 మెగావాట్ల యూనిట్లు 4 ఉన్నాయి. 2013లో 600 మెగావాట్ల యూనిట్ ఒకటి చేరింది. అంతా కలిపి 1,440 మెగావాట్లు. 2024 డిసెంబరులో ఆ కేంద్రంలోనే బొగ్గు బంకరు కూలి ఇద్దరు కాంట్రాక్టు కార్మికులు చనిపోయారు. అది చక్రం వల్ల జరిగింది కాదు. కానీ బరువు కింద పని చేసేవాడికి ఆ బరువు లెక్క తెలియాలని చెప్పడానికి అంతకంటే వేరే మాట అక్కర్లేదు.

చక్రం ఎంపిక మనకు కొత్త సంగతి కాదు. రింగు ఫ్రేములో ట్రావెలర్ ఎలా ఎంచుతాం? నూలు కౌంటు చూస్తాం, స్పిండిల్ వేగం చూస్తాం, రింగు ఎలా ఉందో చూస్తాం. మూడింటిలో ఒకటి తప్పినా పోగులు తెగుతాయి. క్రేను చక్రానికీ అవే మూడు: మోసే బరువు, నడిచే వేగం, కింద ఉన్న పట్టా. తేడా ఒక్కటే. ఇక్కడ తెగితే పోగు కాదు.

మొదట బరువు. ఒక లెక్క వేద్దాం. వంతెన బరువు 60 టన్నులు, దాని మీద అటూ ఇటూ నడిచే ట్రాలీ 30, ఎత్తే సరుకు 100. మొత్తం 190. నాలుగు చక్రాలకు పంచితే ఒక్కోదానికి 47.5 టన్నులు. కాగితం మీద ఇది బాగానే కనిపిస్తుంది. కానీ ట్రాలీ ఎప్పుడూ మధ్యలో నిలబడదు. అది ఒక కొస దగ్గరికి, పొడవులో పదో వంతు దూరానికి వచ్చిందనుకోండి. అప్పుడు ట్రాలీ, సరుకు కలిపిన 130 టన్నుల్లో తొమ్మిది వంతులు, అంటే 117 టన్నులు, ఆ వైపే పడతాయి. వంతెన బరువులో సగం 30 కలిపితే 147. ఆ వైపు చక్రాలు రెండే. ఒక్కోదాని మీద 73.5 టన్నులు! సగటు చూసి చక్రం కొన్నవాడు 26 టన్నులు తక్కువగా కొన్నట్టు లెక్క.

అందుకే పెద్ద క్రేన్లకు వైపుకు నాలుగేసి చక్రాలు పెడతారు. అప్పుడు ఒక్కోదానికి 37 టన్నుల లోపు పడుతుంది. అయితే రెండేసి చక్రాలను కలిపి, మధ్యలో పిన్ను మీద ఊగే బోగీ ఉండాలి. బోగీ బిగుసుకుపోతే ఒక చక్రం మోస్తుంది, పక్కది ఉత్తినే తిరుగుతుంది.

రెండవది వేగమూ పని తీరూ. టర్బైను హాలు క్రేను ఏడాదిలో ఎక్కువ రోజులు ఊరికే ఉంటుంది. ఓవర్‌హాలింగు వచ్చినప్పుడు మాత్రం నిండు బరువు, నెమ్మది నడక. బొగ్గు యార్డులో పట్టాల మీద నడిచే యంత్రం అలా కాదు. దానికి రాత్రీ పగలూ దుమ్ములోనే పని. వేగం పెరిగేకొద్దీ, పని గంటలు పెరిగేకొద్దీ అదే చక్రం మీద వేయదగ్గ బరువు తగ్గుతుంది. అందుకే మన దేశపు ప్రమాణాలు ఐఎస్ 3177, ఐఎస్ 807 క్రేన్లను పని తీరును బట్టి తరగతులుగా విడదీశాయి. ఒక తరగతికి కొన్న చక్రం ఇంకో తరగతికి పనికిరాదు.

మూడవది పట్టా. చక్రం వ్యాసం పెరిగితే పట్టాకు తగిలే చోటు పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. చక్రం తిరిగే తలం పట్టా తల కంటే కొంచెం వెడల్పుగా ఉండాలి. మరీ వదులైతే క్రేను వంకరగా నడుస్తుంది, మరీ బిగుతైతే చక్రం అంచు పట్టాను కోస్తుంది. ఉక్కు సంగతీ అంతే. దెబ్బలు తినే చోట పోత ఇనుము పగులుతుంది, సుత్తిపోటు తిన్న ఉక్కే కావాలి. గట్టిదనం పైపొరకే పరిమితమైతే బరువు కింద ఆ పొర పెచ్చులుగా లేస్తుంది. లోపలికి తగినంత లోతుగా వేడి పదును పట్టాలి. మరీ గట్టి చక్రం మెత్తని పట్టాను తినేస్తుంది. చక్రం మార్చడం ఒక రోజు పని కావచ్చు. టర్బైను మీద అంత ఎత్తున పట్టా మార్చాలంటే కేంద్రమే ఆగాలి.

మన కుర్రాళ్ళు ఒక పనిస్థలంలో చూసింది చెప్పారు. మోటారు తిప్పే రెండు చక్రాల్లో అరిగిన ఒక్కదాన్నే మార్చారట. కొత్తది పెద్దది, పాతది చిన్నది. ఒకే చుట్టులో పెద్దది ఎక్కువ దూరం పోతుంది, క్రేను అడ్డం తిరుగుతుంది. కీచుమనే చప్పుడు, పట్టా పక్కన మెరిసే ఇనుప పొడి. నూనె రాయమన్నారట! పట్టా పైన నూనె పడితే బ్రేకు వేసినా చక్రం జారుతుంది. జంటగా నడిచేవి జంటగానే మారాలి.

2020 ఆగస్టు 1న విశాఖ హిందూస్థాన్ షిప్‌యార్డులో క్రేను పరీక్షలో ఉండగా కూలి 11 మంది చనిపోయారు. పరీక్ష అంటేనే యంత్రం నిలుస్తుందో లేదో ఇంకా తెలియదని అర్థం. ఆ సమయంలో అవసరం లేని ఒక్క మనిషి కూడా దాని దగ్గర ఉండకూడదు.

కాబట్టి పోయే ప్రతి కార్మికుడూ ఇవి అడగాలి. చక్రం మీద పడే గరిష్ఠ బరువు ఎంతని లెక్క కట్టారు? సగటా, కొస బరువా? ఉక్కు పరీక్ష కాగితం ఉందా? తక్కువ టెండరు ఒక్కటే చూసి కొన్నారా? యోగ్యుడైన పరిశీలకుడు చివరిసారి ఎప్పుడు చూశాడు? ఏడాదికి ఒక్కసారైనా చూడాలనీ, క్రేను పట్టా మీద మనిషి పని చేస్తుంటే క్రేను అతనికి 6 మీటర్ల లోపు రాకూడదనీ 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షనులో రాశారు. కార్మిక చట్టాల పేర్లు మారవచ్చు, ఆ 6 మీటర్లు మారడానికి మనం ఒప్పుకోరాదు.

మన కోరికలు మూడు. క్రేను తనిఖీ కాగితం కాంట్రాక్టు కార్మికుడికీ చూపాలి. భద్రతా కమిటీలో కాంట్రాక్టు కార్మికుల మనిషి ఉండాలి. చప్పుడు విని పని ఆపినవాడి కూలి కోయకూడదు. ఫ్రేము చప్పుడు మారితే చెవితోనే జబ్బు పట్టే చేతులు మనవి. ఆ చెవిని అక్కడికీ తీసుకుపొండి. భయపడి నోరు మూసుకోకండి, యూనియన్‌కు చెప్పండి.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!