మాట ఒకటి - అర్థములు పెక్కు

గద్వాల సంస్థానమునకు 'విద్వద్గద్వాల' అను పేరు కలదు. ఒకే మాటతో రెండర్థములు పలికించు శ్లేష మన పండితులకు ప్రీతిపాత్రము. పింగళి సూరన 'రాఘవపాండవీయము'న అవే పద్యములలో రామకథను, భారతకథను నడిపించెను. ఇట్టి వారసత్వము గల పాలమూరు సీమలో మన పిల్లలు ఆంగ్లపదమునకు రెండవ అర్థము ఎదురుకాగానే బెదరుట యెందుకు? కారణము చిన్నది. ఆ మాటను మనము ఒక్క అర్థముతోనే ఇంటికి తెచ్చుకొంటిమి.

'కరెంటు' అను మాటనే చూడుడు. దీపము ఆరినచో 'కరెంటు పోయినది' అందుము. కాని ఆంగ్లమున దానికి ప్రవాహమనియు అర్థము కలదు. పరుగెత్తుట అను భావము గల లాటిన్ ధాతువు నుండి అది పుట్టినది. గద్వాల చెంత జూరాల యొద్ద ఆ రెండర్థములును ఒక్కచోటనే కానవచ్చును. కృష్ణానది కరెంటు యంత్రచక్రములను త్రిప్పగా ఇంటి కరెంటు పుట్టుచున్నది. 'కరెంటు బలముగా నున్నది' అని ఏటిగట్టున ఆంగ్లములో వ్రాసిన హెచ్చరికను చదివి, ఇచ్చట తీగలు లేవుగదా యని బాలుడు నీట దిగినచో ఏమగును? అప్పుడు పోవునది పరీక్షలోని మార్కు కాదు, ప్రాణము.

గద్వాల చీర అంచు 'బార్డరు'. ఆ జిల్లాకు కర్ణాటకతోను, ఆంధ్రప్రదేశ్‌తోను గల సరిహద్దు కూడ 'బార్డరే'. ఇచ్చట భావమొక్కటే, చోటు మారినది. నాగర్‌కర్నూలు జిల్లాలోని శ్రీశైలము 'లెఫ్ట్ బ్యాంకు' విద్యుత్కేంద్రము సంగతి వేరు. ఆ 'బ్యాంకు' నది ఒడ్డు. రొక్కము దాచు బ్యాంకు ఇటలీ భాషలో బల్ల అను మాట నుండి వచ్చినది. నాణెములు మార్చువారు ఆ బల్లల యొద్ద కూర్చుండెడివారు.

1959లో వనపర్తి రాజప్రాసాదమున పాలిటెక్నిక్ వెలసినది. అచ్చటి విద్యార్థిని 'నీది ఏ బ్రాంచి?' అని అడిగినచో సివిల్ అనియో, మెకానికల్ అనియో చెప్పును. చెట్టుకొమ్మయు బ్రాంచియే. ఇందు వింత యేమున్నది? మన 'శాఖ' కూడ అంతే గదా! చెట్టుకు శాఖ, వేదమునకు శాఖ, ప్రభుత్వమునకు శాఖ.

కావున, తల్లిదండ్రులారా! ఆంగ్లపదమునకు ఎదురుగా ఒక్క తెలుగు మాట వ్రాయించి వల్లె వేయించకుడు. ఆ పదము ప్రక్కన ఏ మాటలున్నవో చూడుమనుడు. నీరున్నదా, రొక్కమున్నదా, చీర యున్నదా? పొరుగును బట్టియే పదము అర్థము తెలియును. అమరకోశమున నానార్థవర్గము చదువుకొన్న జాతి మనది. మన 'అర్థము' అను మాటకే భావమనియు, ధనమనియు రెండర్థములు గలవు. ఈ సంగతి యెరిగిన పిల్లకు ఆంగ్లము భయపెట్టు భాష కానేరదు.